58,012 కిలోమీటర్లు: లీజు కారుని గడువుకు ముందే తిరిగిచ్చిన కథ

ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన కుర్రాడు బండి చుట్టూ తిరగకముందే తలుపు తీసి మీటరు ఫొటో కొట్టాడు. 58,012. ఆ అంకె చూసి నాకు ధీమాగానే ఉంది. నాలుగేళ్లకి 60,000 కిలోమీటర్లని రాసుకున్నాం, ఇంకా రెండు వేలు వాళ్లకే మిగిల్చి ఇస్తున్నా కదా అని లోలోపల మురిసిపోయాను కూడా. మూడో రోజు మెయిల్‌లో లెక్క వచ్చింది. అదనంగా తిరిగినవి 18,012 కిలోమీటర్లు. కిలోమీటరుకి 8 రూపాయలు. మొత్తం 1,44,096. జీఎస్‌టీ వేరే.

మా ఆవిడ ఆ కాగితం చూసి, "వస్తువు వాళ్లకి ఇచ్చేస్తా, పైన డబ్బులు కూడా మనమే కట్టాల్నా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది. అందుకే ఇది రాస్తున్నాను.

నెల్లూరులో నాదొక చిన్న ఆక్వా ల్యాబ్. రొయ్యల గుంటల నుంచి నీళ్లు, రొయ్యలు శాంపిల్ తెచ్చి పరీక్ష చేసి చెప్తాం. సగం పని ల్యాబ్‌లో, సగం రోడ్డు మీద. ఒక పక్క ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు. ఇంకోపక్క హైవే ఎక్కితే కావలి, ఉలవపాడు, సింగరాయకొండ. పాత కారు మూలన పడ్డాక, 2023 మార్చి 1 నుంచి ఒక డీజిల్ చిన్న ఎస్‌యూవీని 48 నెలల లీజుకి తీసుకున్నాను. బండి పేరు, కంపెనీ పేరు రాయడం లేదు. గొడవ బండితో కాదు, కంపెనీ పేరు రాస్తే ఇది ఇంకో గొడవవుతుంది.

షరతులివి. నెలకి 19,800 అద్దె. ఇన్సూరెన్స్, సర్వీసింగ్ అందులోనే. డిపాజిట్ 60,000. ఏడాదికి 15,000 కిలోమీటర్లు. ఆర్సీ నా పేరు మీదే ఉంటుంది, హైపోథికేషన్, అంటే బండి మీద తాకట్టు హక్కు, మాత్రం కంపెనీకి. మామూలు తెల్ల ప్లేటే. ఇదే పద్ధతిలో నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలతో కూడా బండ్లు ఇస్తారు, అవి అద్దె బండ్ల కింద రిజిస్టరవుతాయి. గుంటల దగ్గరికి నల్ల ప్లేటుతో పోతే "ఏందన్నా, బాడుగ బండేసుకొచ్చావ్?" అంటారని తెల్లదే అడిగాను. డంబమే, ఒప్పుకుంటున్నాను.

32 నెలల్లో బండి నన్ను ఇబ్బంది పెట్టింది లేదు. సర్వీసింగ్ తేదీకి వాళ్లే ఫోన్ చేసేవాళ్లు. రెండో ఏడు బ్యాటరీ పోతే పైసా లేకుండా మార్చారు. టంగుటూరు దగ్గర లారీవాడు వెనక బంపరు గీసేసిపోతే క్లెయిమ్ కాగితాలన్నీ వాళ్లే చూసుకున్నారు. అద్దె మొత్తం ఖర్చు కింద రాసుకోవచ్చని ఆడిటర్ చెప్పాడు. జీఎస్‌టీ మాత్రం తిరిగి రాదన్నాడు. 13 మందికి మించి పట్టని బండ్ల మీద మాలాంటివాళ్లకి ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కట్టిన పన్నుని మనం కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం, ఉండదు, కొన్నా లీజుకి తీసుకున్నా అంతే. ఇక్కడిదాకా ఐదుకి నాలుగు మార్కులు ఇచ్చేవాణ్ణి.

నేను పప్పులో కాలేసింది కిలోమీటర్ల దగ్గర. సంతకం పెట్టే రోజు సేల్స్ అబ్బాయి "నెలకెంత తిరుగుతారు సార్?" అని అడిగితే, రోజుకి యాభై, నెలకి ఇరవై నాలుగు రోజులు, పన్నెండు వందలు అని నోటితో లెక్కేసి చెప్పాను. ముత్తుకూరు పోయొస్తే యాభై అవుతుంది మరి. సింగరాయకొండ పోయొస్తే నూట ఎనభై అవుతుందన్నది ఆ నిమిషం బుర్రకి తట్టలేదు. వారానికి ఒకసారి పైకి పోయినా నెలకి ఏడొందల కిలోమీటర్లు అక్కడే ఖర్చు. గుంటలో వైట్ స్పాట్ రోగం అనుమానం వస్తే రైతు వారం లెక్క చూడడు. తెల్లవారుజామున మూడింటికి ఫోన్ చేసి "అన్నా, రొయ్య గట్టుకొచ్చేస్తా ఉంది" అంటాడు, పోవాల్సిందే.

ఇది పని లెక్క. ఇంటి లెక్క అసలు వేయనేలేదు. మా అమ్మకి కంటి ఆపరేషన్, ఆ తర్వాత మోకాళ్లు. నెల్లూరోళ్లకి పెద్ద ఆసుపత్రి అంటే చెన్నై. పోనూ రానూ మూడొందల యాభై, అట్టాంటివి ఏడాదికి ఎనిమిది తొమ్మిది. మొక్కుందని తిరుమల, మేనకోడలి పెళ్లి చూపులకి రెండుసార్లు ఒంగోలు, రొట్టెల పండక్కి వచ్చిన చుట్టాలను మైపాడు బీచికి తిప్పడం. ఏదీ విలాసం కాదు. అన్నీ కలిస్తే నెలకి పద్దెనిమిది వందలు దాటింది. మీరు ఇలాంటి కాగితం మీద సంతకం పెట్టబోతుంటే పాత బండి సర్వీసు బిల్లులు తీయండి. ప్రతి బిల్లు మీదా మీటరు అంకె, తేదీ ఉంటాయి. రెండు బిల్లుల మధ్య తేడాని నెలలతో భాగిస్తే మీ అసలు తిరుగుడు తెలుస్తుంది. నా పాత బండి బిల్లులు బీరువాలోనే ఉన్నాయి, నేను తీసింది మాత్రం ఈ మెయిల్ వచ్చాక.

2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. మన వనామీ రొయ్యకి పెద్ద గిరాకీ అక్కడే. రేటు పడిపోతుందన్న భయంతో నా రైతుల్లో చాలామంది కొత్తగా సీడ్ (రొయ్యపిల్లలు) వేయడం ఆపేశారు. గుంటే ఎండబెట్టినవాడికి నీటి పరీక్ష ఎందుకు? పాత బాకీలు "పట్టుబడి అయ్యాక ఇస్తాలే అన్నా" దగ్గరే ఆగిపోయాయి. ల్యాబ్‌లో ఇద్దరికి జీతాలు, పైన 19,800. అక్టోబరు అద్దె కట్టాక కూడా ఇంకా 16 నెలలు, అంటే 3,16,800. బండి ఇచ్చేద్దామని సెప్టెంబరులో నిర్ణయించుకున్నాను.

ఫోన్లో అడిగితే మూడు నెలల అద్దె కడితే చాలన్నారు. 59,400. సరే అనుకున్నాను. నేను అడగని ప్రశ్న ఒకటే: మధ్యలో ఇచ్చేస్తే ఆ అరవై వేల కిలోమీటర్ల హద్దు అరవై వేలుగానే ఉంటుందా?

ఉండదు. ఒప్పందం చివరి అనుబంధంలో చిన్న అక్షరాల్లో ఉంది: ముందుగా తిరిగిస్తే హద్దుని వాడిన నెలల దామాషాలో లెక్కగడతారు. నెలకి 1,250 చొప్పున 32 నెలలకి 40,000. మిగతా 18,012 అదనం. అదే బండిని నేను ఇంటి ముందు టార్పాలిన్ కప్పి 16 నెలలు కూర్చోబెట్టి ఉంటే అదనం సున్నా. తిరిగిన కిలోమీటర్లు అవే, అరిగిన టైర్లు అవే. కంపెనీ వైపు నుంచి చూస్తే వాళ్ల లెక్కలో తప్పు లేదనే అంటాను. మూడేళ్లు నిండని బండి అంత తిరిగుంటే అమ్మినప్పుడు వాళ్లకి రేటు తక్కువే వస్తుంది. కానీ "మూడు నెలల అద్దె చాలు" అన్న నోటితోనే ఈ మాట కూడా చెప్పుండాల్సింది.

ఇంకో సంగతి తెలిసి కడుపు మండింది. మధ్యలో ఎప్పుడైనా శ్లాబు, అంటే ఏడాది కిలోమీటర్ల హద్దు, పెంచుకోవచ్చట. ఏడాదికి 20,000 శ్లాబు మొదటినుంచీ తీసుకునుంటే నెలకి 1,700 ఎక్కువయ్యేది. 32 నెలలకి 54,400. అప్పటికీ మిగిలే అదనానికి ఇంకో ముప్ఫై ఏడు వేల చిల్లర. రెండూ కలిపినా 92 వేలు దాటేది కాదు. సర్వీసుకి పోయిన ప్రతిసారీ వాళ్ల యాప్‌లో మీటరు అంకె ఎక్కుతూనే ఉంది. మొదటి ఏడాదికే హద్దు దాటానని యాప్‌కి తెలుసు, ఒక్క మెసేజ్ రాలేదు.

ఇక బేరం. నెల్లూరు కోర్టులో ప్రాక్టీసు చేసే స్నేహితుడు ఒక మాట అందించాడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం తప్పితే ఇంత అని రాసుకున్నంత మాత్రాన అంతా ఇవ్వాలని లేదు. సమంజసమైన పరిహారమే రావాలి, రాసుకున్న అంకె దానికి పైహద్దు మాత్రమే. అది ఉటంకిస్తూ మర్యాదగానే మెయిల్ పెట్టాను. మూడు నెలల అద్దె రెండు నెలలకి దిగింది, 39,600. సెక్షన్ చూసి తగ్గారో, నెలాఖరు టార్గెట్ చూసి తగ్గారో చెప్పలేను. కిలోమీటర్ల దగ్గర మాత్రం "అది జరిమానా కాదు సార్, వాడకం చార్జీ" అని రూపాయి తగ్గలేదు.

డ్యామేజీ కింద మొదట 26,000 వేశారు. డిక్కీలో ఉప్పునీటి క్యాన్లు పెట్టి తిప్పినందుకు కింది రేకు తుప్పు పట్టింది, అది నా తప్పే. ఎన్ని అగరొత్తులు వెలిగించినా ఆ రొయ్య వాసన కూడా పోలేదు, పాపం దానికి వాళ్లు డబ్బులు వేయలేదు. కానీ బంపరు మీద ఎప్పుడో క్లెయిమ్‌లో బాగుచేసిన గీతకి మళ్లీ వేశారు, తలుపు అంచున గోరంత గాట్లకీ వేశారు. బండి తీసుకున్న రోజు, ప్రతి సర్వీసు తర్వాత నేను తీసుకున్న ఫొటోలు పంపితే 11,500కి వచ్చింది. ఈ 32 నెలల్లో నేను చేసిన తెలివైన పని ఆ ఫొటోలే.

మొత్తం 1,95,196. డిపాజిట్ పోను 1,35,196 చేతినుంచి, దాని మీద జీఎస్‌టీ. తడిసి మోపెడైనా, మిగతా 16 నెలల అద్దె కన్నా తక్కువే.

అయితే ఇంతకన్నా మంచి దారి ఒకటుంది, నేను దాటిపోయాను. బండిని మనమే కొనేసుకుని బయట అమ్మడం. మొదట్లోనే అడిగాను, "అట్టా కుదరదన్నా, గడువయ్యాకే" అన్నాడు సేల్స్ అబ్బాయి. మెయిల్లో రాతపూర్వకంగా అడిగితే వేరే విభాగం నుంచి ధర వచ్చింది: 7,10,000. అలా కొంటే కిలోమీటర్ల చార్జీ ఉండదు, డ్యామేజీ ఉండదు. మినీ బైపాస్ రోడ్డులో పాత కార్ల వ్యాపారి బండి చూసి 6,40,000 అన్నాడు. అంటే డెబ్బై వేల నష్టంతో బయటపడేవాణ్ణి. ధరకి గడువు ఏడు రోజులు. నా చేతిలో ఏడు లక్షలు లేవు, రావాల్సినవన్నీ గుంటల్లో ఉన్నాయి. వ్యాపారే నేరుగా లీజు కంపెనీకి కట్టి బండి తీసుకునే పద్ధతి కూడా ఉందని కావలి స్నేహితుడు చెప్పేసరికి ఎనిమిదో రోజు.

ఆ కావలి స్నేహితుడిది ఇదే మోడల్ బండి, బ్యాంకు లోన్. తను కూడా మధ్యలోనే అమ్మేశాడు. ముందే తీర్చినందుకు చార్జీ కట్టాడు గానీ, ఎంత తిరిగావని బ్యాంకు అడగలేదు. వ్యక్తులు సొంతానికి తీసుకున్న ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీ లోన్ల మీద ముందస్తు చెల్లింపు చార్జీ వేయకూడదని రిజర్వు బ్యాంకు 2014లోనే చెప్పింది. కారు లోన్లు చాలావరకు ఫిక్స్‌డ్ వడ్డీవి, అందుకే ఆ చార్జీ. తీర్చాక బాకీ లేదని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 పెట్టి హైపోథికేషన్ తీయించుకుంటే బండి తనది. లోన్ కట్టలేక బండిని బ్యాంకుకే అప్పగిస్తే మాత్రం కథ వేరు. వేలంలో వచ్చింది పోను మిగిలిన బాకీ మన నెత్తిమీదే ఉంటుంది. బ్రిటన్‌లో 1974 నాటి వినియోగదారు రుణ చట్టం కింద, కట్టాల్సిన మొత్తంలో సగం కట్టేస్తే ఫైనాన్స్ బండిని తిరిగిచ్చి బయటపడొచ్చని లండన్‌లో ఉండే మా పెదనాన్న కొడుకు చెప్పాడు. మనకి అలాంటి హక్కు లేదు, కాగితంలో ఏముంటే అదే.

ఊళ్లోనే తిరిగే ఉద్యోగస్తుడికి, ఏడాదికి పది పన్నెండు వేలు దాటనివాడికి ఈ లీజు బాగానే ఉంటుంది. నాలాగా గట్ల వెంబడి తిరిగేవాడికి కాదు. ఆదాయం పంటని బట్టి ఉండేవాడికి అసలే కాదు.

మొంథా తుపాను వానలు తగ్గాక అక్టోబరు 31న బండి తీసుకెళ్లారు. ఆర్సీలో పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకున్నారు. అప్పగించిన తేదీ, టైము, మీటరు అంకెతో ఒక కాగితం రాయించుకుని వాళ్ల కుర్రాడితో సంతకం పెట్టించుకున్నాను. అది పనికొచ్చింది. ఆర్సీ జనవరి దాకా నా పేరు మీదే ఉంది. డిసెంబరులో ఓవర్ స్పీడ్ చలానా ఒకటి నా ఫోన్‌కే వచ్చింది, ఈ కాగితం పంపితే కంపెనీ కట్టింది.

ఒక్కటి మర్చిపోయాను. బండి వీధి మలుపు తిరిగాక ల్యాబ్‌కి వచ్చి కూర్చున్నా. అరగంటకి ఫోన్ మోగింది. వెంకటాచలం టోల్‌ప్లాజా, నా ఫాస్టాగ్ నుంచి డబ్బులు కోత. అద్దం మీది ట్యాగ్ పీకలేదు! వెంటనే ఫోన్ చేసి ఆపించాల్సింది, ఎందుకో చెయ్యాడలేదు. ఇంకాసేపటికి బూదనం. ఆ తర్వాత సూళ్లూరుపేట. అది దాటితే తమిళనాడే కదా అని, అప్పుడు చేశాను కస్టమర్ కేర్‌కి.