ఈకోర్ట్స్ యాప్: వాయిదా తేదీ చూసి మూసేయకండి

హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టులోనో, ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి కోర్టులోనో దావా నడుస్తుంటే వాయిదా తెలుసుకోవడానికి వకీలు గుమాస్తాకు ఫోన్ మీద ఫోన్ చేసే అవస్థ ఇప్పుడు లేదు. సుప్రీంకోర్టు ఈ-కమిటీ ఆధ్వర్యంలో కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్‌ఐసీ తయారుచేసిన ‘ఈకోర్ట్స్ సర్వీసెస్’ యాప్ ఉచితం, నమ్మదగ్గది. కోర్టుకెక్కిన ప్రతి మనిషి ఫోన్‌లోనూ ఇది ఉండాలి. అయితే చాలామంది తర్వాతి తేదీ ఒక్కటే చూసి వదిలేస్తారు. అసలు విషయమంతా ఆ తేదీ కింద ఉంటుంది.

ముందు వకీలు దగ్గర సీఎన్‌ఆర్ నంబరు, అంటే ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య, తీసుకోండి. అక్షరాలూ అంకెలూ కలిపి 16. మొదటి ఆరు ఏ కోర్టో చెబుతాయి, తర్వాతి ఆరు వరుస సంఖ్య, చివరి నాలుగు సంవత్సరం. మధ్యలో గీతలూ ఖాళీలూ లేకుండా కొట్టాలి. నంబరు లేకపోతే పార్టీ పేరుతో వెతకొచ్చు గానీ మన పేర్లకు అది పెద్ద తలనొప్పి. వెంకటేశ్వరరావును ఇంగ్లిషులో ఒక్కో గుమాస్తా ఒక్కో రకంగా రాస్తాడు, ఇంటిపేరు ముందుంటుందో వెనకుంటుందో చెప్పలేం. పూర్తి పేరు కొట్టకుండా ‘వెంకట’ వరకే ఇవ్వండి, కేసు నమోదైన సంవత్సరం వేయండి, పెండింగ్ (నడుస్తున్నవి), డిస్పోజ్డ్ (ముగిసినవి) రెండూ కలిపి చూడండి. అప్పటికీ రాకపోతే జిల్లా సరిచూసుకోండి. ఊరంతటినీ హైదరాబాద్ అనే అంటాం గానీ గచ్చిబౌలి స్థలం తగాదా హైదరాబాద్ జిల్లా కింద వెతికితే దొరకదు, రంగారెడ్డి కింద చూడాలి.

కేసు తెరుచుకున్నాక హిస్టరీలోకి వెళ్లి ఒక్కో పాత తేదీ నొక్కండి. ఆ రోజు కోర్టులో ఏం జరిగిందో రెండు మూడు ముక్కల్లో ఉంటుంది. పక్కనే ఆ వాయిదా దేనికో రాసి ఉంటుంది. దావా వేసినవాళ్లకు ‘స్టెప్స్’ అనే మాట వరుసగా మూడు నాలుగు వాయిదాలు కనబడితే ఆలస్యం చాలావరకు తమవైపే ఉందని అర్థం: సమన్లకు బత్తా (పంపడానికయ్యే రుసుము) కట్టలేదు, లేదా ప్రతివాది సరైన చిరునామా ఇవ్వలేదు. దీన్ని పట్టించుకోకపోతే దావా కొట్టేసే ప్రమాదం ఉంది. ‘డిస్మిస్డ్ ఫర్ డిఫాల్ట్’ (హాజరుకానందుకో, చేయాల్సింది చేయనందుకో కొట్టేశారు) అని కనిపిస్తే పునరుద్ధరణ పిటిషన్‌కు గడువు 30 రోజులే. మామూలు సివిల్ దావాలో సమన్లు అందాక జవాబు దాఖలుకు ప్రతివాదికి 30 రోజులు, కోర్టు పొడిగిస్తే మొత్తం 90. అది దాటినా ఇంకా ‘రిటన్ స్టేట్‌మెంట్’ (ఆ జవాబే) దగ్గరే వాయిదాలు పడుతుంటే ఏం చేస్తున్నారని మీ వకీలును గట్టిగా అడగండి. ఇలా తేదీ చూపించి అడిగినవాళ్లకు ‘చూద్దాం లెండి’ అని చెప్పి పంపడం కష్టం. ఈ యాప్ వల్ల మామూలు మనిషికి కలిగే పెద్ద మేలు ఇదే.

లోపాలూ ఉన్నాయి. వివరాలు ఎక్కించేది కోర్టు సిబ్బంది కాబట్టి సాయంత్రానికో మర్నాటికో గానీ కొత్త తేదీ రాదు. అందుకని యాప్‌ను నమ్మి పేషీ మానకూడదు. జడ్జిగారు సెలవులో ఉన్నా వెళ్లి తేదీ రాయించుకోవాల్సిందే. ‘మై కేసెస్’లో దాచుకున్న జాబితా ఆ ఫోన్‌లోనే ఉంటుంది. ఫోన్ మార్చేముందు ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోకపోతే పోతుంది. వినియోగదారుల కమిషన్, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) కేసులు ఇందులో దొరకవు. హైకోర్టులో అప్పీలు వేస్తే దానికి సీఎన్‌ఆర్ వేరు, వెతకాల్సిన విభాగమూ వేరు.

తీర్పు పీడీఎఫ్ దించుకుంటే అందులో ఏముందో తెలుసుకోవడానికే పనికొస్తుంది. అది కోర్టు ధ్రువీకరించి ఇచ్చే నకలు (సర్టిఫైడ్ కాపీ) కాదు. జిల్లా స్థాయి కోర్టుకు అప్పీలు గడువు 30 రోజులు, హైకోర్టుకైతే 90. నకలు తయారవడానికి పట్టే రోజులు ఆ గడువులోంచి మినహాయిస్తారు గానీ, ఆ మినహాయింపు నకలుకు దరఖాస్తు పెట్టిన రోజు నుంచే మొదలవుతుంది. అందుకే తీర్పు వచ్చిన రోజునే కాపీ అప్లికేషన్ పెట్టించండి.