ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ సభ్యత్వం: 4.5/5

టికెట్ కొని ఆట చూడడం వేరు, క్లబ్బులో మన మాట చెల్లడం వేరు. ఆ రెండోదాని కోసమే నేను సభ్యత్వం తీసుకున్నాను.

2005లో అమెరికా వ్యాపారులైన గ్లేజర్ కుటుంబం మాంచెస్టర్ యునైటెడ్‌ను కొనేస్తే, అది ఒప్పుకోని అభిమానులు పెట్టుకున్న ఫుట్‌బాల్ క్లబ్బు ఇది. ఎంత డబ్బు పెట్టినా మనిషికి ఒకటే ఓటు. కోటీశ్వరుడికీ అంతే, నాతోపాటు హాస్పిటల్లో క్లీనింగ్ చేసే అక్కకీ అంతే. బోర్డుకి సభ్యులే నిలబడతారు, సభ్యులే ఎన్నుకుంటారు. చొక్కా మీద స్పాన్సర్ పేరు ఉండకూడదన్నది మొదట్నుంచీ ఉన్న కట్టుబాటు. ఏ కంపెనీ పేరూ లేని ఆ ఎర్ర చొక్కా చూస్తే నాకెంత గర్వమో!

అన్నీ సాఫీగా ఏం జరగలేదు. 2016లో సభ్యులకూ బోర్డుకూ గొడవ ముదిరి పలువురు బోర్డు సభ్యులు తప్పుకున్నారు. నా దృష్టిలో అది క్లబ్బుకు మచ్చ కాదు. బోర్డును నిలదీయలేని ఓటు ఎందుకు?

ఆట కింది అంచె లీగుది, టీవీలో కనిపించే స్టార్లు ఉండరు. మాంచెస్టర్‌లో ఉంటున్న మనవాళ్ళు మోస్టన్‌లో ఉన్న మా క్లబ్బు మైదానం బ్రాడ్‌హర్స్ట్ పార్క్‌కి ఒక శనివారం వచ్చి చూడండి. నచ్చి చేరితే వార్షిక సమావేశం మాత్రం ఎగ్గొట్టకండి, లెక్కలు అడగాల్సింది అక్కడే.