పాత కారు స్టీరియో కొంటున్నారా? పాట వినిపించింది కదా అని డబ్బులు పంపకండి

వరంగల్, హనుమకొండ, కాజీపేట వైపు ఎవరైనా పాత కారు స్టీరియో కొనే ఆలోచనలో ఉంటే ఇది చదివాకే డబ్బులు పంపండి. నాకు 6,500 రూపాయలు పోయాయి. ఫోటో చూసి అడ్వాన్స్ కొట్టి మోసపోయిన కథ కాదు ఇది. స్వయంగా వెళ్లి, సెట్ పాడుతుంటే చెవులారా విని మరీ బోల్తా పడ్డాను, అందుకే రాస్తున్నా.

నాది 2013 ఫోక్స్‌వ్యాగన్ పోలో కారు. కంపెనీతో వచ్చిన సెట్‌లో వాల్యూమ్ నాబ్ పాడైంది, పెంచుదామని తిప్పితే ఒకసారి పెరుగుతుంది, ఇంకోసారి తగ్గుతుంది. ఆండ్రాయిడ్ సెట్ పెట్టించెయ్ అని అందరూ అన్నారు కానీ నాకు డ్యాష్‌బోర్డు ఎప్పటిలాగే ఉండాలి, అదే మోడల్ పాతది దొరికితే చాలనుకున్నా. వారం వెతికితే ఆన్‌లైన్‌లో ఒక ప్రకటన దొరికింది. యాక్సిడెంట్ బండి నుంచి తీస్తామని రాశాడు. ఫోటోలో సెట్ కాస్త బయటికి లాగి ఉంది, వెనకాల ఎర్ర బకెట్, వాల్యూమ్ నాబ్ కింద వేలిగోరంత గీత. ఆ గీత పట్టుకునే 8,000 అన్నవాడిని 6,500కి దింపాను. అప్పుడు భలే గెలిచాననుకున్నా.

ములుగు రోడ్డులో ఊరు దాటాక ఒక రేకుల షెడ్డు. ముందు భాగమంతా నుజ్జయిన పోలో, సీట్లు కూడా లేవు, బ్యాటరీ నేల మీద పెట్టి వైర్లు కలిపాడు. తాళం తిప్పగానే సెట్ వెలిగింది. రేడియో చూశాను, నా ఫోన్ బ్లూటూత్‌కి కలిపి చూశాను, ముందు వెనక, ఎడమ కుడి మార్చి నాలుగు స్పీకర్లూ విన్నాను. అంతటితో ఆగలేదు, "ఒకసారి ఊడదీసి మళ్లీ పెట్టి చూపించు" అన్నాను. అదీ చేశాడు, మళ్లీ వెలిగింది. "గిట్ల ఎవ్వరు చూపియ్యరన్నా, నమ్మకంగ తీస్కపో" అన్నాడు. ఇంకేం అడుగుతాం, అక్కడే నిలబడి ఫోన్‌లో డబ్బులు పంపేశాను. బిల్లు అడగలేదు. షెడ్డు దగ్గర బిల్లేంటి అనుకున్నా, అది నా తప్పే.

హనుమకొండలో మాకు తెలిసిన కార్ల ఎలక్ట్రీషియన్ దగ్గరికి తెచ్చి బిగిస్తే తెర మీద ఇంగ్లీషులో సేఫ్ అని పడింది. తర్వాత నాలుగంకెల కోడ్ అడిగింది. నాకు చెమటలు పట్టాయి. ఏదో ఒకటి కొట్టి చూద్దామని ఇద్దరం రెండు నంబర్లు వేశాం, ఇక గంటసేపు ఏ బటన్ నొక్కినా ఉలకదు పలకదు.

ఆయన చెప్పాకే నాకు అసలు సంగతి తెలిసింది. ఈ రకం కంపెనీ సెట్లు తామున్న బండిని గుర్తుపెట్టుకుంటాయట. అదే బండిలో పదిసార్లు ఊడదీసి పెట్టినా ఏమీ అనవు, వేరే బండికి కలపగానే ఎవరో దొంగిలించారనుకుని తాళం వేసుకుంటాయి. అంటే ఆ షెడ్డులో నేను ఎంతో తెలివిగా చేయించాననుకున్న పరీక్ష అసలు పరీక్షే కాదు. ఇంకా పాత రకం సెట్లయితే బండి మారకపోయినా సరే, బ్యాటరీ తీసి పెడితే చాలు కోడ్ అడుగుతాయి. కోడ్ కార్డు మామూలుగా బండి కొన్నప్పుడు పుస్తకాలతో పాటు ఇస్తారు, అది అసలు ఓనర్ దగ్గర ఉంటుంది, లేదా ఎక్కడో పడేసి ఉంటారు.

అమ్మినవాడికి ఫోన్ చేస్తే మొదటిసారి "మాకు కోడ్ గీడ్ తెల్వదన్నా, నీ ముంగటనే పాడింది గద" అన్నాడు. మాట నిజమే, నా ముందే పాడింది! రెండోసారి ఎత్తలేదు. సాయంత్రానికి నన్ను బ్లాక్ చేశాడు. సర్వీస్ సెంటర్‌కి వెళ్తే సెట్ సీరియల్ నంబరుతో పాటు ఆ బండి ఆర్‌సీ తెమ్మన్నారు. నా బండి ఆర్‌సీ చూపిస్తే అది కాదన్నారు, వాళ్లను తప్పుపట్టలేను.

చిప్ తీసి కోడ్ చదివేవాళ్లు ఉన్నారు, 1,500 ఇస్తే చేయిస్తానని ఇంకొకాయన అన్నాడు. నేను వద్దన్నాను. ఆ బండి ఎవరిదో, ఆ సెట్ నిజంగా ఆ బండిదేనో నాకు తెలియదు. దొంగ సొత్తని తెలిసి, లేదా అలా అనుమానించడానికి కారణం కనిపిస్తున్నా కొంటే భారతీయ న్యాయ సంహిత 317 సెక్షన్ కింద కొన్నవాడి మీదా కేసు అవుతుంది. పాటల కోసం ఆ టెన్షన్ నాకెందుకు.

కాబట్టి కంపెనీ సెట్ కొంటే మొదటి ప్రశ్న ధర గురించి కాదు, కోడ్ ఉందా అని. ఉందంటే కాగితం మీద రాయించుకుని, కుదిరితే మీ బండిలోనే పెట్టించి, కోడ్ కొట్టి, పాట వచ్చాకే డబ్బులు ఇవ్వండి. ఒప్పుకోకపోతే బండి వెనక్కి తిప్పండి. సెట్ తీసిన బండి ఆర్‌సీ ఫోటో అడగండి, సంతకంతో చిన్న చీటీ అయినా రాయించుకోండి. వెనకాల కప్లర్ (వైర్లన్నీ కలిపే ప్లగ్గు) కోసేసి వైర్లు వేలాడుతుంటే ఆ సెట్‌ని తొందరలో పీకారని అర్థం, నేనైతే ముట్టుకోను.

ఆండ్రాయిడ్ సెట్లదీ ఇంకో మాయ. కరీంనగర్‌లో మా బామ్మర్ది కొన్నదాంట్లో సెట్టింగ్స్‌లో 4 జీబీ ర్యామ్ అని చూపిస్తుంది, మ్యాప్ పెట్టి పాట వేస్తే రెండు నిమిషాలకే ఆగిపోతుంది. ఆ పేజీలో అంకెలు ఎలా కావాలంటే అలా రాసి అమ్ముతారు, అది చూసి నమ్మకండి. మ్యాప్, పాట, రివర్స్ కెమెరా ఒకేసారి నడిపించి పావుగంట కూర్చోండి. ఇలా కంపెనీది కాని బయటి సెట్ పెట్టించేటప్పుడు పసుపు వైరు, ఎర్ర వైరు కలిపి ఒకేచోట ముడేస్తుంటే వెంటనే ఆపండి. పసుపు ఎప్పుడూ కరెంటు ఉండేది, ఎర్రది తాళం తిప్పితే వచ్చేది, రెండూ కలిపితే తాళం తీసినా సెట్ కరెంటు తాగుతూనే ఉంటుంది. బామ్మర్దికి మూడో రోజు పొద్దున బండి స్టార్ట్ కాలేదు, పక్కింటాయన వచ్చి తోయాల్సి వచ్చింది.

నా సెట్ అట్టపెట్టెలో అల్మారా పైన ఉంది. నిన్న రాత్రి ఫోన్ చూస్తుంటే మళ్లీ ప్రకటన, వేరే పేరు, వేరే నంబరు. ఫోటో మాత్రం అదే, వెనకాల ఎర్ర బకెట్, నాబ్ కింద గీత. నా అల్మారా మీదున్న సెట్‌ని ఇప్పుడు 7,000కి అమ్ముతున్నాడు.