సింగపూర్‌లో మూడు రాత్రులు: శుక్రవారం టికెట్టే గిట్టుబాటు

వైజాగ్ నుంచి నేరుగా విమానం ఉంది కదా అని 2023 సెప్టెంబరులో సింగపూర్ గ్రాండ్ ప్రీకి, అంటే అక్కడి ఫార్ములా వన్ కార్ల రేసుకి, బయల్దేరాను. మా బావమరిది అక్కడే ఉంటాడు, కానీ ఇల్లు పుంగోల్‌లో. రాత్రి రేసులు చూసి అంత దూరం ఏం వెళ్తాంలే అని లిటిల్ ఇండియాలో గది తీసుకున్నాను.

గది అగ్గిపెట్టె. ఫొటోలో కిటికీ ఉంది, తెర తీస్తే పక్క బిల్డింగు గోడ. రేసు వారం కాబట్టి అద్దె మామూలు రోజులకి రెండింతల పైమాటే. మార్చమంటే రిసెప్షన్ అబ్బాయి నవ్వి ఊరుకున్నాడు. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను. ఎమ్మార్టీ (అక్కడి మెట్రో రైలు) ఎక్కితే ధోబీ ఘాట్‌లో ఒక్కసారి మారి, తర్వాతి స్టేషన్ సిటీ హాల్‌లో దిగడమే. పొద్దున్నే సెరంగూన్ రోడ్డులో కోమల విలాస్ దోసె. సర్క్యూట్ లోపల తిండి రేట్లు చూశాక ఆ దోసె విలువ తెలిసింది.

నాది జోన్ 4 వాకబౌట్ టికెట్. సీటుండదు, నిలబడే ఓపిక ఉంటే చాలు. పడాంగ్ మైదానం, ఆండర్సన్ బ్రిడ్జి చుట్టుపక్కల ఎక్కడైనా తిరగొచ్చు. బావమరిదికి నా లెక్క అర్థం కాలేదు. "బావా, శుక్రవారం ప్రాక్టీసే కదా, ఆదివారం ఒక్కటీ చాలదా?" అన్నాడు. చాలదు. ఆదివారం ఎవరు గెలిచారో టీవీలోనూ చూడొచ్చు. ఏ కారు రోడ్డుకి సర్దుకుంది, ఏది మొరాయిస్తోంది అన్నది మాత్రం ప్రాక్టీసులో కంచె పక్కన నిలబడితేనే తెలుస్తుంది.

మొదటి ప్రాక్టీసు సాయంత్రం అయిదున్నరకి, వెలుతురులో. ట్రాక్ మీదకి ఓ ఉడుము వచ్చిందని పెద్ద తెర మీద చూసి అందరం కేకలు. రెండోది రాత్రి తొమ్మిదింటికి. శనివారం జరిగే క్వాలిఫయింగ్ (రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే పోటీ) కూడా అదే వేళకి కాబట్టి లెక్కలోకొచ్చేది ఈ రెండోదే.

ఆ ఏడాది అప్పటిదాకా జరిగిన 14 రేసులూ రెడ్‌బుల్ జట్టువే. వాళ్ల డ్రైవరు వెర్‌స్టాపెన్ ఒక్కడే వరసగా పది గెలిచి వచ్చాడు. ఆండర్సన్ బ్రిడ్జి దగ్గర చూస్తే అదే కారా అనిపించింది. ఫెరారీ జట్టు డ్రైవరు సెయిన్స్ కారు గీత గీసినట్టు తిరిగిపోతోంది. రెడ్‌బుల్ వచ్చేసరికి బ్రేకు పడగానే ముందు భాగం ఊగుతోంది, అడుగున నిప్పురవ్వలు, డ్రైవరు స్టీరింగ్‌ని సర్దుతూనే ఉన్నాడు. రెండు మూడు ల్యాపులు అదే చోట అదే తంతు. ఆ రాత్రి పట్టికలో సెయిన్స్ మొదటివాడు, అతని జట్టువాడే లెక్లేర్ రెండు. రెడ్‌బుల్ రెండో డ్రైవరు పెరెజ్ 7, వెర్‌స్టాపెన్ 8.

2022 నుంచి 2025 దాకా ఈ కార్లకి పట్టు ఎక్కువగా అడుగు భాగం నుంచే వచ్చేది. నేలకి ఎంత దగ్గరైతే అంత పట్టు. కానీ ఇది మామూలు రోజుల్లో జనం తిరిగే రోడ్డు, ఎగుడుదిగుళ్లు తప్పవు. మరీ కిందకి దించితే అడుగు రోడ్డుకి తగిలి, సరిగ్గా బ్రేకు వేసే చోటే ముందు టైర్ల మీద బరువు తేలిపోతుంది. పైకి లేపితే పట్టు పోతుంది. రెడ్‌బుల్ తెచ్చిన కొత్త ఫ్లోర్ (కారు అడుగు భాగం) కూడా పనికి రాక, శుక్రవారం తర్వాత పాతది బిగించారు.

శనివారం మూడో ప్రాక్టీసులో వెర్‌స్టాపెన్ కాస్త పైకొచ్చాడు. గాడిలో పడ్డాడనుకున్నాను. అసలు తిప్పలు అక్కడే. క్వాలిఫయింగ్‌కి కారు ట్రాకెక్కిందంటే సెటప్ (కారు ఎత్తు లాంటి అమరికలు) ముట్టుకోకూడదు. మూడో ప్రాక్టీసుకీ క్వాలిఫయింగ్‌కీ మధ్య దొరికే రెండున్నర గంటల్లో ఏం మార్చినా అదే ఖాయం. వాళ్లు ఇంకొంచెం మార్చారు, కారు ఇంకా పాడైంది. వంటలో ఉప్పు సరిపోయాక మళ్లీ చిటికెడు వేసినట్టు.

క్వాలిఫయింగ్ మొదటి రౌండు చివర్లో స్ట్రోల్ అనే డ్రైవరు కారు గోడకి గుద్దుకుని ఆట చాలాసేపు ఆగింది. నా చొక్కా పిండితే చెంబెడు నీళ్లొచ్చేలా ఉంది (సెప్టెంబరు సింగపూర్ ఉక్క ముందు మన వైజాగ్ మే నెల నయం). రెండో రౌండులో మొదటి పదిమందే మూడో రౌండుకి వెళ్తారు. పెరెజ్ 13. వెర్‌స్టాపెన్ పదో స్థానంలో ఉండగా, గాయపడిన రికార్డో బదులు నడుపుతున్న కుర్రాడు లాసన్ గీత దాటి అతణ్ని 11కి నెట్టాడు. పక్కన నిలబడ్డ డచ్చి కుటుంబం (వెర్‌స్టాపెన్ వాళ్ల దేశస్తుడే) నారింజ టోపీలు తీసేసి చేతిలో పట్టుకుంది. పోల్ (మొదటి స్థానం) సెయిన్స్‌ది, 1:30.984.

సర్క్యూట్‌లో సౌకర్యాలకి వంక పెట్టలేను. మరుగుదొడ్లు శుభ్రం, దారి చూపే బోర్డులు సరిగ్గా ఉన్నాయి. ఇబ్బందల్లా బయటికెళ్లేటప్పుడే. సిటీ హాల్ స్టేషన్ మెట్ల దగ్గర క్యూ నత్తనడక. శుక్రవారం చివరి పది నిమిషాలు వదులుకుని బయటపడితే హాయిగా వెళ్లిపోయాం. శనివారం ఆగినందుకు ముప్పావు గంట నిలబడ్డాం. పాత బూట్లు చాలనుకోవడం నా తప్పు, కాళ్లు బొబ్బలు.

ఆదివారం సెయిన్స్ గెలిచాడు. వెర్‌స్టాపెన్ 5, పెరెజ్ 8. నేను మాత్రం ముస్తఫా సెంటర్ దుకాణంలో కొన్న హవాయి చెప్పులతో పడాంగ్ గడ్డి మీద కూలబడి పెద్ద తెర మీదే చూశాను. బావమరిది అటు కంచె దగ్గర నిప్పురవ్వలు లెక్కపెడుతున్నాడు.