నోమ్యాడ్ బ్రౌజర్ రివ్యూ: శాతం కన్నా ముందు హారం చూడండి

ఒక జన్యువులోని తేడా ఏ జనసమూహంలో ఎంతమేర ఉందో తెలుసుకోవాలంటే ముందుగా తెరవాల్సిన సైట్ నోమ్యాడ్ (gnomAD). అమెరికాలోని పరిశోధన సంస్థ బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ నడుపుతోంది. ఉచితం, లాగిన్ అక్కర్లేదు. 2023 నవంబరులో వచ్చిన నాలుగో వెర్షన్‌లో 8,07,162 మంది డేటా ఉంది. ఇంత పెద్ద సంపదను అందరికీ తెరిచి ఉంచడం నిజంగా గొప్ప సంగతి. అయితే చదవడం తెలియకపోతే తప్పుదోవ పట్టడమూ తేలికే.

పెద్దయ్యాక కూడా పాలు అరిగించుకోనిచ్చే వేరియంట్‌నే (జన్యు తేడానే) తీసుకోండి. పాలలోని చక్కెరను అరిగించే ఎంజైమ్ లాక్టేజ్. దాని జన్యువు ఎల్‌సీటీ అని వెతికితే ఆ పేజీలో అది దొరకదు. అది ఉన్నది పక్కనున్న ఎంసీఎం6 జన్యువు 13వ ఇంట్రాన్‌లో, అంటే ప్రొటీన్ తయారీకి వాడని మధ్య భాగంలో. పోనీ ఎంసీఎం6 తెరిచినా కనిపించదు, ఎందుకంటే జీన్ పేజీ ఎక్సాన్లు (ఇంట్రాన్లు తీసేశాక మిగిలే ముక్కలు), వాటి అంచుల వరకే చూపుతుంది. నేరుగా ఆ వేరియంట్ గుర్తింపు సంఖ్య ఆర్‌ఎస్4988235 (rs4988235) కొట్టాలి. పరిశోధన పత్రాల్లో సి నుంచి టి అని ఉండే డీఎన్‌ఏ అక్షరం మార్పు ఇక్కడ జి నుంచి ఎ అని కనిపిస్తుంది. జన్యువు డీఎన్‌ఏ రెండు పోగుల్లో ఎదురు పోగు మీద ఉండటమే కారణం, వేరియంట్ అదే.

పట్టికలో ఈ వేరియంట్ వాటా ఫిన్లాండ్ వరుసలో సగానికి పైగా, తూర్పు ఆసియా వరుసలో దాదాపు సున్నా. ఇక్కడే ఆగి హారం చూడాలి, అంటే ఎన్ని క్రోమోజోమ్‌లలో వెతికారో చెప్పే ‘అల్లీల్ నంబర్’ గడి. మొత్తం డేటాలో 7,30,947 ఎక్సోమ్‌లే, అంటే దాదాపుగా ఎక్సాన్లు మాత్రమే చదివినవి. అంత లోపలి ఇంట్రాన్ వాటికి అందదు. మిగిలేవి డీఎన్‌ఏ అంతా చదివిన 76,215 జీనోమ్‌లు, మనిషికి రెండు చొప్పున మహా అయితే 1,52,430 క్రోమోజోమ్‌లు. ఎనిమిది లక్షల మందిలో చూశామని రాస్తే తప్పు.

ఆఫ్రికా వరుస మరీ జాగ్రత్తగా చదవాలి. అందులో ఎక్కువమంది ఆఫ్రికన్ అమెరికన్లు, ఐరోపా వంశం కొంత కలిసినవారు. తూర్పు ఆఫ్రికా పశుపోషకుల్లో చాలామందికి ఇదే శక్తి వేరే వేరియంట్ వల్ల, లాక్టేజ్ జన్యువు మొదలుకు 14,010 అక్షరాల ముందు (−14010) జి బదులు సి రావడం వల్ల వచ్చింది. ఒక్క వేరియంట్ శాతం చూసి ఫలానావారికి పాలు పడవని తేల్చకూడదు.

సన్నటి వివరం కావాలంటే హెచ్‌జీడీపీ (హ్యూమన్ జీనోమ్ డైవర్సిటీ ప్రాజెక్ట్), 1కేజీ (1000 జీనోమ్స్) ట్యాబులు ఉన్నాయి. కాకపోతే కొన్ని సమూహాల్లో ఉన్నవారు కొద్దిమందే. ఇరవై మందిలో, అంటే 40 క్రోమోజోమ్‌లలో, ఒక్కసారీ కనిపించకపోయినా అసలు శాతం 7 దాకా ఉండొచ్చు (ఒక్కసారీ కనిపించనప్పుడు పైహద్దు అంచనాకు 3ని హారంతో, ఇక్కడ 40తో, భాగించి చూడండి).

పెద్ద లోటు దక్షిణాసియా అంతటినీ ఒకే వరుసలో పెట్టడం. తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న సమూహంలో బాగా ఎక్కువున్న వేరియంట్ ఆ సగటులో కరిగిపోతుంది. డేటాలో 4,16,555 ఎక్సోమ్‌లు ఒక్క యూకే బయోబ్యాంక్ (బ్రిటన్‌లోని ఆరోగ్య, జన్యు డేటా భాండారం)వే కావడంతో ‘మొత్తం’ వరుస ఐరోపా వైపు వాలి ఉంటుంది. దాన్ని ప్రపంచ సగటుగా వాడొద్దు.

అంకె పక్కన వెర్షన్ తప్పక రాసుకోండి. రెండో వెర్షన్‌లో ఈ పాల వేరియంట్ స్థానం క్రోమోజోమ్ మీద 136608646, నాలుగులో 135851076. 4.0లో కొన్ని వేరియంట్ల హారం తప్పుగా వచ్చింది, 4.1లో సరిచేశారు.