ఆన్ ఆర్బర్ నుంచి హ్యూస్టన్ దాకా: మిషిగన్ జట్టు వెంట

2023 సీజన్‌లో మిషిగన్ విశ్వవిద్యాలయపు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆడిన పదిహేను ఆటలూ గెలిచి జాతీయ విజేతగా నిలిచింది. చివరి ఘట్టాలను చూడటానికి ఆ విశ్వవిద్యాలయం ఉన్న ఆన్ ఆర్బర్, పాసడీనా, హ్యూస్టన్ నగరాలకు వెళ్ళిన మాకు ఆటలు ఎక్కడా నిరాశ కలిగించలేదు గాని, వసతి, రాకపోకల విషయంలో మాత్రం మూడు ఊళ్ళూ మూడు తీర్లుగా కనిపించాయి.

నవంబరు 25న ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ జట్టుతో పోటీ ఆన్ ఆర్బర్‌లో జరిగింది. అటువంటి వారాంతాల్లో ఊళ్ళో హోటళ్ళ అద్దెలు చుక్కలనంటుతాయి కాబట్టి, తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడిన దగ్గరి ఊరు కాంటన్‌లో దిగాము. పొద్దున్నే ఇడ్లీ దొరికింది. అయితే స్టేడియం దాకా వ్యాన్ ఉందని బుకింగ్ సమయంలో చెప్పిన హోటల్ వారు, తీరా ఆ ఉదయం డ్రైవరు రాలేదని చేతులెత్తేశారు. అద్దె కారు తీసుకొని, స్టేడియం ఎదుట ఉన్న పయొనీర్ హైస్కూల్ ఆవరణలో రుసుము చెల్లించి నిలపడమే చివరికి మేలైంది.

1927లో కట్టిన ఈ స్టేడియం చాలావరకు నేలలోకి దిగి ఉన్నందున, లక్షకు పైగా జనం పట్టే కట్టడమని బయటి నుంచి తోచదు. చేతిసంచులు లోనికి రానివ్వలేదు. కూర్చునేవి చాలావరకు బల్లలే. వాటిపై రాసిన అంకెల మధ్య ఎడం వేసవి దుస్తుల్లో ఉన్నవారికి సరిపోతుందేమో గాని, రెండు స్వెట్టర్ల మీద కోటు తొడిగినవారికి ఎంతమాత్రమూ చాలదు. ఆ రోజు వచ్చినవారు 1,10,615 మంది. అప్పటి ప్రధాన శిక్షకుడు జిమ్ హార్బా సస్పెన్షన్‌లో ఉన్నందున సహాయ శిక్షకుడు షెరోన్ మూర్ జట్టును నడిపించాడు. మూడో క్వార్టర్‌లో మిషిగన్ ఆటగాడు జాక్ జింటర్ కాలు విరిగి, అతన్ని బండి మీద తీసుకుపోతుంటే అంతటి జనంలోనూ మాట వినబడలేదు. బంతి మళ్ళీ ఆటలోకి వచ్చిన వెంటనే అతని సహచరుడు బ్లేక్ కోరమ్ 22 గజాలు పరుగెత్తి, ప్రత్యర్థి గీత దాటి టచ్‌డౌన్ చేసేసరికి మా బల్ల అదిరిపోయింది. చివర్లో రాడ్ మూర్ ప్రత్యర్థి పాస్‌ను అందుకోవడంతో 30-24 తేడాతో గెలుపు ఖాయమైంది.

2024 జనవరి 1న పాసడీనాలోని రోజ్ బౌల్ స్టేడియంలో జరిగిన సెమీఫైనల్‌లో అలబామాపై అదనపు సమయంలో 27-20తో నెగ్గారు. సాయంకాలం కొండల మీద మారే రంగులు చూడటానికి రోజ్ బౌల్‌ను మించిన స్టేడియం లేదని నా అభిప్రాయం. అదే ఉదయం పూల శకటాల ఊరేగింపు కూడా ఉంటుంది కనుక లాస్ ఏంజెలెస్‌లో దిగి, మెట్రో రైల్లో పాత పాసడీనాకు చేరి, అక్కడి నుంచి షటిల్ బస్సు ఎక్కడం మంచిది. తిరుగు బస్సు వరుసలో మాత్రం ఓపిక నశించింది.

సౌకర్యాల విషయంలో నా ఓటు హ్యూస్టన్‌కే. జనవరి 8న వాషింగ్టన్‌పై 34-13తో ముగిసిన ఫైనల్‌కు, ఊరి నడిబొడ్డు నుంచి 1.25 డాలర్ల టికెట్టుతో రైలు స్టేడియం ఉన్న ఎన్‌ఆర్‌జీ పార్క్ దగ్గర దింపింది. పైకప్పు ఉన్న స్టేడియం కనుక చలి బాధ లేదు. తొలి క్వార్టర్‌లోనే డోనవన్ ఎడ్వర్డ్స్ 41, 46 గజాల పరుగులతో రెండు టచ్‌డౌన్‌లు చేశాడు కాబట్టి, ఆలస్యంగా బయలుదేరినవారు అసలైన వేడుకను పోగొట్టుకొని ఉంటారు.