హెడ్ విప్పి బిగించి, స్టార్ట్ కాకపోతే "కంప్యూటర్ పోయింది" అన్న మహానుభావుడి షెడ్డు సంగతి

ఇంకా చేతుల గ్రీజు కూడా కడుక్కోలేదు, ముందు ఇది రాసేయాలి. విజయవాడ ఆటోనగర్‌లో పాత మారుతీల స్పెషలిస్టునంటూ రీల్స్ పెడుతుంటాడు చూడండి, చివర్లో బండి స్టార్ట్ చేసి బొటనవేలు చూపిస్తాడు, ఆయనే. పేరు రాయను. ఆ రీల్స్ చూసినవాళ్ళకి అర్థమైపోతుంది.

మాది 1998 మారుతి 800, కార్బొరేటర్ (కంప్యూటర్ లేకుండానే పెట్రోలునీ గాలినీ కలిపే భాగం) ఉన్న బండి. నాన్న కొన్నది. ఆర్‌సీ 2028 దాకా రెన్యువల్ అయి ఉంది. హనుమాన్ జంక్షన్ దాటాక వేడెక్కి ఆగింది, హెడ్ గ్యాస్‌కెట్, అంటే ఇంజిన్‌కీ దాని పైభాగమైన హెడ్‌కీ మధ్య ఉండే సీలు, పోయిందని తేలింది. హెడ్ ఫేసింగ్ (అడుగు చదును చేయడం), గ్యాస్‌కెట్, వాల్వుల్ని వేళకి నడిపే టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, లేబర్ అన్నీ కలిపి 21,500. మూడు రోజులన్నాడు, పంతొమ్మిది రోజులు పట్టింది. అదీ సర్దుకున్నాను.

బండి తెచ్చుకోవడానికి వెళ్తే స్టార్ట్ చేసి చూపించలేదు. "హెడ్ కొత్తగా బిగించాం సార్, సీలెంట్ ఆరాలి. ఈ రాత్రికి కదిలించొద్దు, పొద్దున ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది" అన్నాడు. నేను తలూపాను. తలూపి, అక్కడే నిలబడి మొత్తం ఫోన్‌పే కొట్టి, ట్రాలీకి ఇంకో 1,200 ఇచ్చి ఇంటికి తెచ్చుకున్నాను. స్టార్ట్ కాని బండికి పూర్తి డబ్బు కట్టినవాణ్ణి ఏమనాలో మీరే చెప్పండి. మా ఆవిడ ఇప్పటికే చెప్పింది.

పొద్దున సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతోంది గానీ అందుకోవట్లేదు. మధ్యమధ్యలో కార్బొరేటర్‌లోంచి ఫట్‌మని చప్పుడు. పది నిమిషాల్లో బ్యాటరీ కూర్చుంది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మూడు రోజులు ఎత్తలేదు. చివరికి మళ్ళీ ట్రాలీ పెట్టి షెడ్డుకే తీసుకెళ్ళాను.

అసలు కడుపు మండింది అక్కడ. బానెట్ ఎత్తాడు, ప్లగ్గు విప్పలేదు, వైరు ముట్టుకోలేదు. అటూ ఇటూ చూసి, "కంప్యూటర్ పోయింది సార్. పన్నెండు వేలవుతుంది" అన్నాడు. కార్బొరేటర్ బండికి ఇంజిన్ కంప్యూటర్ ఎక్కడుంది అన్నాను. ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, పక్కనున్న ఇద్దరు కస్టమర్లకి వినపడేలా నవ్వి, "మీకు అంత తెలిస్తే మీరే చేసుకోవచ్చు కదా సార్, ఇక్కడికెందుకు తెచ్చారు?" అన్నాడు. వాళ్ళూ నవ్వారు. ఆ నవ్వుల్లోనే, "ఈ డబ్బా మీద ఇంకేం పెడతారు లెండి, ఇరవై వేలిస్తాను, వదిలేసి వెళ్ళండి" అన్నాడు. ఆయనకే 21,500 కట్టిన బండిని ఆయనకే ఇరవై వేలకి అమ్మాలట! గట్టిగా నాలుగు మాటలు అనాల్సింది. గొంతు పెగల్లేదు. దారి పొడవునా ట్రాలీ డ్రైవర్‌కి చెప్పుకున్నాను, పాపం అతనేం చేస్తాడు.

ఇవాళ మా బాబాయి పటమటలో తనకు తెలిసిన పెద్దాయన్ని తీసుకొచ్చాడు. ఆయన అడిగిన మొదటి మాట, "ఆగిపోయాక ఏమేం విప్పారు బాబూ?" అని. ప్లగ్గు తీసి, ఇంజిన్‌కి ఆనించి సెల్ఫ్ కొట్టమన్నాడు. నీలంగా నిప్పు వస్తోంది. కార్బొరేటర్ మూత తీసి ఆక్సిలరేటర్ నొక్కమన్నాడు, పెట్రోలు చిమ్ముతోంది. ప్లగ్గు రంధ్రం మీద వేలు పెట్టాడు, గాలి గట్టిగా తోస్తోంది. "నిప్పుంది, పెట్రోలుంది, కంప్రెషన్ ఉంది. ఇక నిప్పు వేళకి పడట్లేదంతే" అని, ఒక్కో ప్లగ్గుకీ వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ దగ్గర కూర్చున్నాడు. ఈ ఇంజిన్‌కి మూడు సిలిండర్లు, నిప్పు పడాల్సిన వరస 1-3-2. షెడ్డులో వైర్లు పెట్టింది 1-2-3. ఎంతైనా ఎక్కాలు బాగా వచ్చినట్టున్నాయి. రెండు, మూడు వైర్లు అటూ ఇటూ అయ్యేసరికి పెట్రోలు లోపలికి వస్తున్నప్పుడే ఒక సిలిండర్లో నిప్పు పడుతోంది, ఆ ఫట్‌ఫట్ అదే. రెండు వైర్లు మార్చి, తడిసిన ప్లగ్గులు తుడిచి, జంపర్ వైర్లు తగిలించి సెల్ఫ్ కొడితే రెండోసారికే అందుకుంది. 300 తీసుకున్నాడు. ఎక్కువిస్తే వద్దన్నాడు.

అంటే పన్నెండు వేల "కంప్యూటర్" రెండు ప్లగ్గు వైర్లన్నమాట.

ఇంజిన్ పని చేయించినవాళ్ళు షెడ్డులోనే స్టార్ట్ చేయించి, ఫ్యాన్ తిరిగేదాకా వేడెక్కనిచ్చి, ఒక రౌండు తిప్పి చూశాకే డబ్బు కట్టండి. పాత సామాను అడిగి తెచ్చుకోండి. నేను పాత టైమింగ్ బెల్టు అడిగితే తుక్కులో పోయిందన్నాడు. కొత్తది వేశాడా, పాతదే తుడిచి పెట్టాడా అన్నది ఇంకా చూడలేదు. ఆదివారం పెద్దాయన వచ్చి కవర్ విప్పుతానన్నాడు. అప్పటిదాకా బండిని వీధి దాటించట్లేదు.